తోడేలు గురువైన తీరు: బాలల అరణ్య కథల చరిత్ర

పెద్దల తోడు లేకుండా అడవిలోనో, దీవిలోనో, మంచు మైదానంలోనో చిక్కుకున్న పిల్లలు తమ తెలివితోనూ చేతిపనితోనూ ప్రాణాలు నిలుపుకొనే కథలను అరణ్య మనుగడ కథలు అనవచ్చు. ఇంగ్లీషు బాలసాహిత్యంలో, అందులోనూ ఉత్తర అమెరికాలో, ఇవి ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. వీటికి మూలమైన డేనియల్ డిఫో 'రాబిన్సన్ క్రూసో' (1719)లో దీవి అంటే నాయకుడు లోబరచుకోవలసిన ఆస్తి. అక్కడి జంతువులు అతనికి ప్రధానంగా ఆహారమో, సొత్తో, అపాయమో. తరువాతి రెండున్నర శతాబ్దాలలో ఈ దృష్టి క్రమంగా తలకిందులై, వేటకు గురైన జంతువే పిల్లలకు బతుకు నేర్పే గురువుగా మారింది. ఈ మార్పుకు రెండు పునాదులున్నాయి: ఏళ్ల తరబడి జంతువులను గమనించిన ప్రకృతి పరిశీలకుల కృషి ఒకటి, ఆ నేలను తరతరాలుగా ఎరిగిన మూలవాసుల జ్ఞానం మరొకటి. మొదటిదానికి దక్కిన గుర్తింపు రెండోదానికి చాలాకాలం దక్కలేదు.

1832లో బ్రిటన్ నుంచి కెనడాకు వలస వెళ్లిన క్యాథరిన్ పార్ ట్రేల్, రైస్ సరస్సు పరిసరాల్లో దారి తప్పిన ముగ్గురు పిల్లల కథగా 'కెనేడియన్ క్రూసోస్' నవలను 1852లో వెలువరించింది. అక్కడి మొక్కలను శ్రద్ధగా అధ్యయనం చేసిన రచయిత్రి కావడం వల్ల ఆ అడవి పుస్తకంలో నమ్మదగిన వివరాలతో కనిపిస్తుంది. ఆ పిల్లలకు తోడైన ఇండియానా అనే బాలిక మోహాక్ అనే మూలవాసి జాతికి చెందినది. అడవి బతుకులోని మెళకువలు వారికి ఆమే నేర్పుతుంది. అయినా కథ ఆమెను వలసవచ్చినవారి మతం వైపే నడిపిస్తుంది. నేర్చుకున్నవారే నేర్పినవారిని సంస్కరించామని భావించే ఈ వైఖరి తరువాతి రచనలనూ చాలాకాలం అంటిపెట్టుకొని ఉంది.

మధ్య భారతంలోని సివనీ కొండలు నేపథ్యంగా 1894లో వచ్చిన రుడ్యార్డ్ కిప్లింగ్ 'జంగిల్ బుక్' జంతువును గురుస్థానంలో నిలిపింది గాని, అందులోని తోడేళ్లు, ఎలుగుబంటి మనుషుల్లా మాట్లాడతాయి, చట్టం ప్రకారం నడుచుకుంటాయి. నిజమైన జంతువు ప్రవర్తననే కథగా మలచాలని పూనుకున్నవాడు ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్. న్యూ మెక్సికోలో పశువుల మందలను కాజేస్తున్న లోబో అనే తోడేలును పట్టడానికి వెళ్లిన సీటన్, దాని జంటతోడును చంపి, ఆ ఆడతోడేలు వాసన ఆధారంగా 1894లో లోబోను బోనులలో చిక్కించాడు. ఆ గెలుపు అతనికి మిగిల్చిన వేదనే 1898లో వచ్చిన 'వైల్డ్ యానిమల్స్ ఐ హావ్ నోన్' సంపుటిలోని మొదటి కథ. సీటన్‌తో పాటు ఈ ధోరణిలో రాసినవారు జంతువులకు లేని తెలివిని అంటగడుతున్నారని 1903లో ప్రకృతి రచయిత జాన్ బరోస్ తీవ్రంగా విమర్శించగా, 1907లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా ఆ వాదంలో పాల్గొన్నాడు. పిల్లల కోసం రాసినా సరే, జంతువు గురించి చెప్పేది నిజమై ఉండాలన్న పట్టింపు ఈ వివాదం వల్లనే బలపడింది.

ఆ పట్టింపును నిండుగా పాటించిన రచయిత్రి జీన్ క్రెయిగ్‌హెడ్ జార్జ్. ఆమె కవల సోదరులు ఫ్రాంక్, జాన్ డేగవేటలో, అంటే డేగలను మచ్చిక చేసి వేటకు తర్ఫీదు ఇచ్చే విద్యలో, ఆరితేరినవారు. ఆ నేర్పు వల్లనే 1940లో భావ్‌నగర్ రాజకుటుంబానికి చెందిన ధర్మకుమార్‌సింహ్‌జీ ఆహ్వానంపై వారు భారతదేశానికి వచ్చారు. 1959లో వచ్చిన ఆమె నవల 'మై సైడ్ ఆఫ్ ది మౌంటెన్'లో శామ్ అనే కుర్రవాడు క్యాట్‌స్కిల్ కొండల్లో ఒక చెట్టు తొర్రను ఇల్లుగా చేసుకొని, బైరిడేగ పిల్లను పెంచి దాని వేటతో కడుపు నింపుకుంటాడు.

మరుసటి ఏడాది వచ్చిన స్కాట్ ఓడెల్ 'ఐలాండ్ ఆఫ్ ది బ్లూ డాల్ఫిన్స్'కు ఆధారం ఒక నిజమైన జీవితం. కాలిఫోర్నియా తీరానికి దూరంగా ఉన్న శాన్ నికొలస్ దీవి నుంచి 1835లో తన జనమంతా తరలిపోగా, ఒక మూలవాసి స్త్రీ అక్కడ 1853 దాకా ఒంటరిగా బతికింది. ఆ తీరంలోని సాంటా బార్బరాకు చేర్చిన కొద్ది వారాలకే మరణించింది. ఓడెల్ నాయిక కరానా, తన తమ్ముణ్ణి చంపిన కుక్కల గుంపు నాయకుణ్ణే మచ్చిక చేసుకొని, చివరకు జంతువులను చంపబోనని నిశ్చయించుకుంటుంది.

ఈ పరిణామం 1972లో జార్జ్ రాసిన 'జూలీ ఆఫ్ ది వుల్వ్స్'లో పతాకస్థాయికి చేరింది. అలాస్కాలోని టండ్రాలో, అంటే చెట్లు పెరగని శీతల మైదానంలో, దారి తప్పిన మియాక్స్ అనే పదమూడేళ్ల బాలిక ఇన్యూపియాక్ అనే మూలవాసి జాతికి చెందినది. ఆమె, తోడేళ్లు ఒకదానికొకటి చేసుకొనే సైగలను ఓపికగా గమనించి, వాటినే అనుకరించి, ఆ మంద నుంచి ఆహారం పొందుతుంది. ఈ సన్నివేశాల వెనుక, 1970లో జార్జ్ అలాస్కాలోని బారోకు వెళ్లి తోడేళ్లను అధ్యయనం చేస్తున్న శాస్త్రవేత్తల వద్ద తెలుసుకున్న విషయాలున్నాయి. మంద నాయకుణ్ణి వేటగాళ్లు విమానంలోంచి కాల్చిచంపే ఘట్టం పాఠకుణ్ణి పూర్తిగా తోడేలు పక్షాన నిలబెడుతుంది. అమెరికాలో ఏటా ఉత్తమ బాలసాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ పతకం 1973లో ఈ నవలకు లభించింది.

అయితే ఇన్యూపియాక్ విమర్శకులు తమ భాషను, ఆచారాలను ఈ నవల తప్పుగా చూపిందని ఎత్తిచూపారు. తోడేలు సైగలను అంత నిష్ఠగా పరిశీలించిన రచన, ఆ నేల మీద బతుకుతున్న మనుషుల విషయంలో అంతటి శ్రద్ధ వహించలేదన్న వారి ఆక్షేపణ న్యాయమైనదే. ఆ లోటును తీర్చే మార్గాన్ని ఓజిబ్వే అనే మూలవాసి జాతికి చెందిన లూయీస్ ఎర్డ్రిక్ 1999లో 'ది బర్చ్‌బార్క్ హౌస్'తో చూపింది. అందులో చలికాలం, మశూచి, ఎలుగుబంటి పిల్లలు అన్నీ ఒక ఓజిబ్వే బాలిక కళ్లతోనే కనిపిస్తాయి. ఆమె అడవిలో చిక్కుకున్నది కాదు, అది ఆమె ఇల్లు. జంతువును గురువుగా అంగీకరించడానికి ఈ సాహిత్యానికి శతాబ్దాలు పట్టింది. ఆ గురువు భాషను ముందుగా నేర్చినవారికే కథ చెప్పే అధికారం ఇచ్చినప్పుడు గాని ఆ అంగీకారం సంపూర్ణం కాదు.