పేరు పెట్టి పిలిచిన దేవుడు



బిడ్డ పుట్టిన యింట మొదట వినబడు ప్రశ్న "ఆడా, మగా?" అనునది. రెండవది "ఏమి పేరు పెట్టెదరు?" అనునది. మన కోనసీమ గ్రామములలో తల్లిదండ్రులు పసిబిడ్డ నెత్తుకొని వచ్చి, "అయ్యగారూ, కొత్త పేరొకటి చెప్పండి, ఊరిలో మరి యెవరికిని ఉండకూడదు" అని అడుగుదురు. ఆ పేరునకు అర్థమేమని అడుగువారు అరుదు.

కొంతకాలము క్రిందట ఎనిమిదవ తరగతి చదువు ఒక చిన్నది ఆరాధన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి యిట్లు అడిగెను: "అయ్యగారూ, సంఘపు పుస్తకములో నాకొక పేరున్నది. బడి పుస్తకములో వేరొకటి యున్నది. పరలోకమందలి జీవగ్రంథములో ఏ పేరు వ్రాసియుండును?" నేను మొదట నవ్వితిని. ఆ రాత్రి మాత్రము నాకు నిద్రపట్టలేదు. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుటకు మనము కొంత వెనుకకు పోవలెను.

పూర్వము మన దేశములో పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోవుచుండిన యెడల, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్పపై పరుండబెట్టి పెంటయ్య అనియు, ఎంగిలి విస్తరాకులపై పొర్లించి పుల్లయ్య అనియు పిలిచెడివారు. పొరుగింటివారికి తవుడునకు అమ్మినట్లు చేసి, మరల తెచ్చుకొని తవిటయ్య అని పేరిడుటయు కలదు. నీచమైన పేరు పెట్టినచో మృత్యువు ఆ బిడ్డవైపు చూడదని వారి ఆశ. ఈ ఆచారము అన్ని కులములలోను ఉండెను. ఆ పేరులలో తల్లి కన్నీరున్నది, వాటిని చూచి నవ్వవద్దు.

అయితే మాలపల్లెలలోను మాదిగ పేటలలోను మరియొక బాధ యుండెను. ఏ పేరు పెట్టుకొన్నను, ఊరివారు దాని చివర "గాడు" అనియే చేర్చి పిలిచెడివారు. తల నెరసిన తాతను సహితము పసివాడు అట్లే పిలుచుట ఆనాటి మర్యాద!

అట్టి దినములలో, 1836వ సంవత్సరమున, ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు సువార్తికులు భార్యలతో కూడ మన తీరమునకు వచ్చిరి. తరువాత వారు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో పనిచేసిరి. మన సఖినేటిపల్లి రేవు దాటినచో నరసాపురమే కదా! గోదావరి పాయల వెంబడి సువార్త మన లంకలకు పాకినది. సంఘములు పెరిగిన కొలది సంఘపు పుస్తకములలో కొత్త పేరులు కనబడసాగెను.

అవి మూడు విధములు. మొదటివి వేదములోని పేరులు. యోహాను అనగా యెహోవా దయచూపెను అని అర్థము. మత్తయి అనగా యెహోవా ఇచ్చిన వరము. దావీదు అనగా ప్రియుడు. "గాడు" అని పిలువబడినవాని కుమారుడు "దేవునికి ప్రియుడు" అయ్యెను! రెండవవి వేదసత్యమును తెలుగు మాటలలో చెప్పు పేరులు: దేవదాసు, యేసుపాదము, ఆశీర్వాదము, కృపావరము, జీవరత్నము, సువార్తమ్మ. రోమను కతోలిక సహోదరులలో పేతురునకు రాయప్ప అనియు, పౌలునకు చిన్నప్ప అనియు చెప్పు వాడుక కలదు. పేతురు అనగా రాయి, పౌలు అనగా చిన్నవాడు. అర్థమునే పేరుగా చేసికొనుట ఎంత చక్కని పద్ధతి!

మూడవవి మార్చని పాత పేరులు. మనము నేటికిని పాడుకొను కీర్తనలను వ్రాసిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తును అంగీకరించిన పిమ్మటను పురుషోత్తముడుగానే ఉండిరి. ఆ పేరు విష్ణునామమని ఎవరైనను ఆక్షేపించినచో, రోమా పత్రిక పదునారవ అధ్యాయము తెరచి చూపుడి. అక్కడ పౌలు వందనములు చెప్పిన ఫీబే పేరు గ్రీకుల చంద్రదేవతకు చెందినది. హెర్మే పేరు వారి మరియొక దేవునిది. ఆ పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు పేరునకు మూడవవాడు అని అర్థము. క్వర్తు అనగా నాలుగవవాడు. దాసులకు యజమానులు లెక్కపెట్టినట్లు పెట్టు పేరులవంటివి ఇవి. అపొస్తలుడు వారిలో ఎవరిని పేరు మార్చుకొమ్మనలేదు, వారిని సహోదరులని పిలిచెను.

ఇప్పుడు దూరదేశమైన స్పెయిను వైపు ఒకసారి చూడుడి. అక్కడినుండియు మనకొక పేరు వచ్చినది. 1542లో గోవాకు చేరిన ఫ్రాన్సిసు జేవియర్ స్పెయిను ఉత్తర భాగమందలి నవార్రు దేశమువాడు. జేవియర్ అనునది అతని కోట పేరు. బాస్కు భాషలో దానికి "కొత్త ఇల్లు" అని అర్థము. మన ప్రక్క పల్లెలో జేవియర్ అను కుర్రవానికి ఈ సంగతి తెలియునో లేదో!

స్పెయినువారు బిడ్డలకు పెట్టు పేరులు మన పేరులకు చుట్టములవలె నున్నవి. హువాన్ అనగా మన యోహానే. సాంతియాగో అనగా పరిశుద్ధ యాకోబు. మెర్సెదెస్ అనగా కరుణలు, మన కరుణమ్మ వంటిది. కొన్సువేలో అనగా ఆదరణ. సాల్వదోర్ అనగా రక్షకుడు. డొలోరెస్ అనగా దుఃఖములు. అది యేసు తల్లి మరియ దుఃఖములను తలంచి పెట్టిన పేరు. మనము ప్రభువు నామమునకు దాసు, పాదము, రత్నము చేర్చి పెట్టుదుము. వారు యేసు అను నామమునే కుమారునికి పెట్టుదురు.

అయితే ఆ దేశచరిత్రలో మనకు ఒక హెచ్చరికయు కలదు. 1492లో గ్రనాడా పట్టణము క్రైస్తవ రాజుల వశమాయెను. పిదప 1502లో కస్తీలు రాజ్యములోని ముసల్మానులు బాప్తిస్మము పొందవలెను, లేదా దేశము విడువవలెను అని ఆజ్ఞ పుట్టెను. 1567లో రెండవ ఫిలిప్పు రాజు వారి అరబ్బీ భాషను, అరబ్బీ పేరులను సహితము నిషేధించెను. మరుసటి సంవత్సరమే తిరుగుబాటు లేచెను. తుదకు 1609 మొదలు 1614 వరకు సుమారు మూడు లక్షలమందిని దేశమునుండి వెళ్లగొట్టిరి. తరతరములుగా క్రైస్తవ పేరులు మోసినవారినే గదా వెళ్లగొట్టినది! బలవంతముగా పెట్టిన పేరు హృదయమును మార్చలేదు, పొరుగువాని ప్రేమను సంపాదించలేదు.

మన తాతలకు ఎవరును కత్తి చూపి పేరు పెట్టలేదు. వారు సంతోషముగా తీసికొనిరి. కాని ఆ పేరును దాచుకొను దినములు వచ్చినవి. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకే చెందెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి గాని క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో వారిని వెనుకబడిన తరగతులలో "సి" గుంపుగా ఉంచిరి. అందుచేత బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు వచ్చినది. ఆ తల్లిదండ్రులకు తీర్పు తీర్చుటకు నేను ఈ మాట వ్రాయుట లేదు. బిడ్డ చదువుకొరకు వారు మోయుచున్న భారము నాకు తెలియును. అయినను రెండు పేరుల నడుమ నిలిచిన బిడ్డ మనస్సు ఎవరు చూచుచున్నారు?

ఆ చిన్నదానికి మరుసటి ఆదివారము నేను చెప్పిన ఉత్తరమిది. "అమ్మా, దానియేలునకు బబులోనులో బెల్తెషాజరు అను పేరు పెట్టిరి. హదస్సా అను చిన్నది రాజనగరులో ఎస్తేరుగా పిలువబడెను. కచేరి పుస్తకములో ఏ పేరున్నను దేవుడు వారిని మరువలేదు. దానియేలును రాజు ఏ పేరుతో పిలిచినను, అతడు కిటికీ తెరచి ప్రార్థించుట మానలేదు. పేరు రెండైనను మోకాళ్లు ఒకరికే వంగవలెను." ఆమె తలయూపి, "అయితే మీరు నన్ను ఏ పేరుతో పిలుతురు?" అని మరల అడిగెను. "నీ తల్లి ప్రార్థించి పెట్టిన పేరుతో" అంటిని.

కాబట్టి చదువరీ, నీ బిడ్డకు పేరు పెట్టునప్పుడు అర్థము తెలిసి పెట్టుము. ఆ అర్థమును బిడ్డకు చెప్పుము. కుమారునికి కృపావరము అని పేరుపెట్టి, కోపము వచ్చినప్పుడు దరిద్రుడా అని పిలువకుము. నీ యింట పనిచేయువానిని వాని తల్లి పెట్టిన పేరుతో మర్యాదగా పిలువుము. యెషయా నలువది మూడవ అధ్యాయములో తన ప్రజలను పేరు పెట్టి పిలిచితినని చెప్పిన దేవుడు, ప్రకటన రెండవ అధ్యాయములో జయించువానికి కొత్త పేరు వాగ్దానము చేసెను. ఆ పేరు వచ్చు దినమువరకు, ఇచ్చట మనకున్న పేరునకు తగినట్లు నడుచుకొందము గాక. ఆమేన్.