పికప్ ట్రక్కులు: బరువు, లైసెన్సు, తనిఖీ నిబంధనలు (భారతదేశం)

పికప్ బండిని ఎవరు నడపవచ్చు, దాన్ని ఎన్నాళ్లకోసారి తనిఖీకి తేవాలి అన్న ప్రశ్నలకు భారత మోటారు వాహన చట్టం వేర్వేరు కొలబద్దలు వాడుతుంది. మొదటిది ప్రధానంగా బరువును బట్టి, రెండోది వాడకాన్ని బట్టి తేలుతుంది. సొంత ధాన్యమే వేసుకెళ్లే బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎందుకని రైతులు అడిగే ప్రశ్నకు మూలం ఈ తేడాలోనే ఉంది.

బ్రిటిష్ ఇండియాకు తొలి మోటారు చట్టం 1914లో, దాని స్థానంలో రెండోది 1939లో వచ్చాయి. నేటి చట్టం 1988లో ఆమోదం పొంది, 1989 జులై 1 నుంచి అమలైంది. ఇందులో తేలికపాటి మోటారు వాహనం (ఎల్‌ఎంవీ) హద్దు మొదట 6,000 కిలోలు. 1994 సవరణతో 7,500 కిలోలైంది. కారుకు ఖాళీ బరువే లెక్క. రవాణా వాహనానికి మాత్రం సరుకుతో కలిపిన గరిష్ఠ బరువు, అంటే ఆర్సీలో కనిపించే జీవీడబ్ల్యూ చూస్తారు.

చిక్కు కూడా ఆ సవరణతోనే మొదలైంది. అంతకుముందు మధ్యతరహా, భారీ వాహనాలకు విడివిడిగా ఉన్న లైసెన్సు తరగతులను తీసేసి 'రవాణా వాహనం' అనే ఒక్క తరగతి పెట్టారు. ఎల్‌ఎంవీ నిర్వచనంలో మాత్రం రవాణా వాహనం అలాగే ఉండిపోయింది. మరి కారు లైసెన్సుతో చిన్న ట్రక్కు నడపవచ్చా, లేక జనం బ్యాడ్జీ అనే రవాణా అనుమతి కావాలా? ప్రమాద పరిహారం కేసుల్లో బీమా కంపెనీలు ఈ సందునే పట్టుకుని, డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని వాదించేవి. చట్టం రాసినవారి అజాగ్రత్తకు మూల్యం ఏళ్ల తరబడి బాధితులు, బండి యజమానులు చెల్లించారు.

2017 జులైలో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం విడి అనుమతి అక్కర్లేదంది. మరుసటి ఏడాది కేంద్రం కూడా రాష్ట్రాలకు అదే చెప్పింది. బీమా కంపెనీలు ఊరుకోలేదు. విషయం రాజ్యాంగ ధర్మాసనానికి చేరింది. 2024 నవంబరు 6న బజాజ్ అలయంజ్ - రంభాదేవి కేసులో ఐదుగురు న్యాయమూర్తులు పాత తీర్పునే ఖాయం చేశారు. ఎల్‌ఎంవీ లైసెన్సుదారులు ఇలాంటి బండ్లు నడపడం వల్లే ప్రమాదాలు పెరిగాయనడానికి గణాంకాలేవీ ఎవరూ చూపలేదని కోర్టు గుర్తుచేసింది. ఈ-రిక్షాలు, ప్రమాదకర సరుకు మోసే వాహనాలకు మాత్రం ప్రత్యేక నియమాలు కొనసాగుతాయి.

తనిఖీ దగ్గర బరువు తగ్గినంత మాత్రాన మినహాయింపు రాదు. కేవలం సరుకు మోయడానికి తయారైన బండి, యజమాని సొంత సరుకే మోసినా, చట్టం దృష్టిలో సరుకు వాహనమే. 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి చిన్న ట్రక్కులకు బరువు వల్ల దక్కిన వెసులుబాటు వేరు: జీవీడబ్ల్యూ 3,000 కిలోలు మించకపోతే పర్మిట్ అక్కర్లేదు. ఎఫ్‌సీ మాత్రం తప్పదు. అది లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ కూడా చెల్లనట్టే. 2018 చివర్లో మారిన నిబంధన ప్రకారం, ఎనిమిదేళ్ల లోపు బండికి ఎఫ్‌సీ రెండేళ్లు, ఆ తర్వాత ఏడాది చెల్లుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంటితో చూసి తేల్చే పద్ధతికి బదులు యంత్రాలతో పరీక్షించే కేంద్రాలను తేవడానికి కేంద్రం 2021లో నిబంధనలు చేసింది. అవి తప్పనిసరయ్యే గడువు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది.

వ్యక్తిగత పికప్‌లు మన దేశంలో ఇటీవలి మాట. శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారం 2016లో మొదలైంది. అక్కడ తయారయ్యే ఐదు సీట్ల వి-క్రాస్‌ను తెల్ల ప్లేటుతో రిజిస్టర్ చేయించుకోవచ్చు. అప్పుడు కారులాగే రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, నడుమ ఎఫ్‌సీ ఉండదు. అయితే సరుకు కోసం తయారు కాని బండినైనా సరుకు రవాణాకు వాడితే సరుకు వాహనంగానే చూడాలని చట్టంలోని సరుకు వాహన నిర్వచనం రెండో సగం చెబుతుంది. ప్రయాణికుల సొంత సామాను మాత్రం సరుకు కిందికి రాదు.