తాళానికి వెంట్రుకవాసి వెనక: నియో సోల్ ఆల్బమ్‌ల చరిత్ర

నియో సోల్ పేరుతో చెలామణీ అయిన సంగీతం 1990ల నడుమ అమెరికాలో రూపుకట్టి, ఏడెనిమిదేళ్లలోనే తన ఉత్తమ ఆల్బమ్‌లలో చాలావాటిని ఇచ్చేసింది. చర్చి పాటల్లో పెరిగిన గొంతు, జాజ్ నుంచి అందిన స్వరమేళం, హిప్-హాప్ దరువు అందులో కలిశాయి. మొదటి రెండూ పాతవే. మార్విన్ గే, స్టీవీ వండర్, డానీ హాథవే 1970లలోనే ఆ కలయికను శిఖరానికి చేర్చారు. కొత్తగా వచ్చి చేరింది దరువు. దాని పుట్టుక తెలియకుండా వింటే ఈ ఆల్బమ్‌లు పాత సోల్ పాటలకు నకళ్లలా తోస్తాయి. తెలిసి వింటే ఇవి హిప్-హాప్ కడుపున పుట్టిన బిడ్డలని మొదటి నిమిషంలోనే పోల్చుకోవచ్చు.

హిప్-హాప్ పుట్టినరోజుగా 1973 ఆగస్టు 11ను లెక్కిస్తారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ల భవనంలో తన చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీకి క్లైవ్ క్యాంప్‌బెల్ అనే జమైకా కుర్రాడు రికార్డులు తిప్పాడు. డీజే కూల్ హెర్క్ అంటే అతనే. పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే వినిపించే కొద్ది క్షణాల ముక్కకు కుర్రకారు ఎక్కువగా చిందులేస్తున్నారని అతను గమనించాడు. దాన్ని బ్రేక్ అంటారు. ఒకే రికార్డు రెండు కాపీలను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెడుతూ ఆ ముక్కను ఎంతసేపైనా సాగదీశాడు. జేమ్స్ బ్రౌన్ బృందం వాయించిన ఫంక్ దరువు అలా మూలపాట నుంచి విడివడి కొత్త బతుకు మొదలుపెట్టింది.

1980ల చివర్లో ఈ పని యంత్రాల చేతికి వచ్చింది. 1987లో ఈ-ము కంపెనీ ఎస్‌పీ-1200, మరుసటి ఏడాది అకాయ్ కంపెనీ కోసం రోజర్ లిన్ రూపొందించిన ఎంపీసీ-60 బజారులోకి వచ్చాయి. పాత రికార్డులోంచి ఒక ముక్క తీసుకుని, దాన్ని మీటల మీద పరిచి, వేళ్లతో కొట్టి కొత్త పాట కట్టే విద్యే శాంప్లింగ్. ఎస్‌పీ-1200లో మొత్తం పది సెకన్లకు మించి ధ్వని పట్టదు. అందుకని నిర్మాతలు 33 వేగంతో తిరగాల్సిన ఎల్‌పీని 45 వేగంతో తిప్పి ఎక్కించుకుని, యంత్రంలో మళ్లీ నెమ్మదింపజేసేవారు. ఆ క్రమంలో ధ్వనికి పట్టిన గరుకుదనమే ఆనాటి హిప్-హాప్‌కు గుర్తుగా మిగిలిపోయింది. చోటు చాలక వేసిన ఎత్తు ఒక తరం చెవికి రుచి మప్పింది.

అంతలో కోర్టులు అడ్డొచ్చాయి. డె లా సోల్ బృందం 1989లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో తమ పాట ముక్కను అడగకుండా వాడారని ద టర్టిల్స్ సభ్యులు దావా వేస్తే, అది కోర్టు బయట డబ్బుతో తెమిలింది. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ కేసు అలా తెమలలేదు. గిల్బర్ట్ ఓసలివాన్ పాటను శాంపిల్ చేసినందుకు న్యూయార్క్ ఫెడరల్ జడ్జి కెవిన్ డఫీ, దొంగతనం కూడదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టి, ఆ రికార్డు అమ్మకాన్ని ఆపించాడు. అప్పటినుంచి ప్రతి ముక్కకూ ముందే అనుమతి, ముందే సొమ్ము. ఒకే పాటలో పది రికార్డులు గుప్పించే పద్ధతి చాలామందికి అందని ఖర్చయింది. డె లా సోల్ తొలి ఆల్బమ్‌లు హక్కుల చిక్కుల్లోంచి బయటపడి స్ట్రీమింగ్‌కు చేరేసరికి 2023 మార్చి వచ్చింది.

శాంప్లింగ్ ఖరీదెక్కేకొద్దీ వాద్యకారులకు మళ్లీ పని దొరికింది. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్-హాప్ బృందం 1991లో విడుదల చేసిన ‘ది లో ఎండ్ థియరీ’లో మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన రాన్ కార్టర్ స్వయంగా బేస్ పలికించాడు. ట్రైబ్ ఆల్బమ్‌లకు ఇంజినీరు బాబ్ పవర్. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ‘బ్రౌన్ షుగర్’ మీదా అతని పేరుంది; టైటిల్ పాటలో ట్రైబ్ డీజే అలీ షహీద్ ముహమ్మద్ చెయ్యి ఉంది. ఆ ఆల్బమ్ గాయకుడు వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో పెంతెకొస్తు పాస్టరు కొడుకుగా పుట్టి, చిన్నప్పుడే పియానో పట్టిన మైకేల్ యూజీన్ ఆర్చర్. లోకానికి తెలిసిన పేరు డి’ఏంజెలో. చర్చిలో నేర్చిన కీబోర్డు, ట్రైబ్ రికార్డుల్లోని డ్రమ్స్ మొదటిసారి ఒకే మనిషిలో ఇంత సహజంగా కలిశాయి.

అతని మేనేజరు కేదార్ మాసెన్‌బర్గ్. నియో సోల్ అన్న పేరు జనంలోకి వెళ్లింది అతని వల్లనే. దుకాణంలో ఏ అరలో పెట్టాలో తెలియని సంగీతానికి అదొక చీటీ. వ్యాపారానికి అది పనికొచ్చింది గానీ, కళాకారులు చాలామందికి నచ్చలేదు. తాను చేసేది నల్లవాళ్ల సంగీతం, అంతే అని డి’ఏంజెలో చివరిదాకా చెప్పుకున్నాడు. ఆ అభ్యంతరంలో న్యాయముంది. కొత్తది అని చీటీ అంటించగానే పాతదానితో ఉన్న పేగు తెగినట్టే అవుతుంది. మూడేళ్లకు ఆ కొత్త పాతబడిపోతుంది కూడా.

మాసెన్‌బర్గ్ తన లేబుల్‌కు తీసుకున్న డల్లాస్ గాయని ఎరికా బాడు ‘బాడూయిజం’ 1997 ఫిబ్రవరిలో వచ్చి, బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానంలో అడుగుపెట్టింది. బిల్లీ హాలిడేతో పోల్చని సమీక్షకుడు లేడు. ఆ పోలిక గొంతు వరకే చెల్లుతుంది. ఖాళీ ఎక్కువగా, వాద్యాలు తక్కువగా ఉన్న ఆ ఆల్బమ్ నిర్మాణం పూర్తిగా హిప్-హాప్‌ది.

1998 ఆగస్టులో లారిన్ హిల్ ‘ది మిసెడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్’ ఈ ధోరణిని ఇంటింటికీ చేర్చింది. ఒకే గొంతు ర్యాప్‌నూ పాటనూ సమాన ఉజ్జీగా పలికించడం అంతకుముందు అరుదు. న్యూయార్క్‌లోనూ, జమైకాలో బాబ్ మార్లీ కుటుంబపు టఫ్ గాంగ్ స్టూడియోలోనూ దాన్ని రికార్డు చేశారు. కాలేజీ విద్యార్థిగా ఉన్న జాన్ లెజెండ్ ఒక పాటకు పియానో వాయించాడు. మరుసటి ఏడాది ఐదు గ్రామీలు దక్కాయి. హిప్-హాప్ నుంచి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ బహుమతి అందుకున్న మొదటిది అదే. ఆ వెలుగు వెనకే ఒక వివాదం నడిచింది. పాటలు కట్టడంలో తమ వంతుకు పేరు రాలేదని న్యూ ఆర్క్ అనే సంగీత బృందం దావా వేసింది. 2001లో రాజీ కుదిరింది. పదిమంది కలిసి కట్టిన పాట ఎవరిదన్న ప్రశ్న ఈ సంగీతాన్ని మొదటినుంచీ వదలలేదు.

ఆ ప్రశ్నకు మరో రకం జవాబు ఫిలడెల్ఫియాలో దొరికింది. 1970లలో గ్యాంబుల్, హఫ్ జంట సోల్ సంగీతానికి రాజధానిగా మలచిన ఊరది. అక్కడ కళల హైస్కూల్లో కలిసిన అహ్మీర్ థాంప్సన్, తారిక్ ట్రాటర్ 1987లో మొదలుపెట్టిన బృందం ద రూట్స్. హిప్-హాప్ బృందాలకు డీజే ఉంటే చాలనుకునే రోజుల్లో వీళ్లు డ్రమ్స్, బేస్, కీబోర్డులతో వీధిలో వాయించారు. క్వెస్ట్‌లవ్ అని పిలుచుకునే థాంప్సన్ డ్రమ్మర్. నిజమైన డ్రమ్స్ మీద యంత్రమంత కచ్చితంగా, శాంపిల్ చేసిన ముక్కలా మారకుండా వాయించడం అతని పంతం. చినువా అచెబే నవల పేరు పెట్టుకుని 1999 ఫిబ్రవరిలో వచ్చిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ ఆ పంతానికి పరాకాష్ఠ. అదే ఊళ్లో ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో బ్లాక్ లిలీ పేరుతో జరిగిన గానసభలు ఆడవాళ్ల గొంతులకు వేదికయ్యాయి. జిల్ స్కాట్ అక్కడ పాడి రాటుదేలిన గాయనే.

ఇక్కడ కథ డెట్రాయిట్‌కు మళ్లాలి. కోనెంట్ గార్డెన్స్ పేటలో 1974 ఫిబ్రవరి 7న పుట్టిన జేమ్స్ యాన్సీ, అంటే జే డిల్లా, ఎంపీసీ వాడకాన్ని యాంప్ ఫిడ్లర్ అనే కీబోర్డు విద్వాంసుడి దగ్గర నేర్చాడు. ఆ యంత్రంలో క్వాంటైజ్ అనే సదుపాయముంది. వేలు దెబ్బ కాస్త అటూ ఇటూ పడినా, దాన్ని దగ్గర్లోని లెక్క గడిలోకి యంత్రమే జరిపి తాళాన్ని సరిచేస్తుంది. డిల్లా ఆ దిద్దుబాటును చాలాచోట్ల తిరస్కరించాడు. దాన్ని ఆపేసి ఊరుకోలేదు కూడా. ఏ దెబ్బను ఎంత జరపాలో తానే నిర్ణయించాడు. స్నేర్ కొంచెం ముందే పడుతుంది. కిక్ తడబడుతుంది. హైహ్యాట్ తన దారిన తాను నిదానంగా నడుస్తుంది. మూడు కాలప్రమాణాలు ఒకేసారి నడుస్తున్నా పాట విడిపోదు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి అతీత, అనాగత ఎడుపులు పరిచయమే. అక్కడ పాట తాళానికి ముందో వెనకో ఎత్తుకుంటుంది. ఎంత ముందో ఎంత వెనకో మాత్రం లెక్క కట్టి చెప్పవచ్చు. డిల్లా జరిపిన దూరం అలాంటి లెక్కకు అందనంత చిన్నది. చెవికి అది తప్పులా తగిలి, మరుక్షణమే ఒళ్లు ఊగేలా చేస్తుంది. 1995లో ద ఫార్‌సైడ్ అనే ర్యాప్ బృందం ఆల్బమ్‌కు డిల్లా కట్టిన బీట్లు విని క్వెస్ట్‌లవ్ నిర్ఘాంతపోయాడు. తాను ఏళ్ల తరబడి సాధించిన కచ్చితత్వాన్ని వదులుకోవడం ఎలాగో కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

ఆ నేర్పు పండిన చోటు న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లోని ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో. 52 వెస్ట్ 8వ వీధిలో ఒక నైట్‌క్లబ్బు ఉన్న నేలమాళిగను జిమీ హెండ్రిక్స్ తన కోసం స్టూడియోగా కట్టించుకున్నాడు. కట్టుబడికి ఆర్కిటెక్టు జాన్ స్టోరిక్, ధ్వని వ్యవహారాలకు ఎడ్డీ క్రేమర్. కింద పారే పాత వాగు నీళ్లు పునాదుల్లోకి ఊరి పని ఆలస్యమైంది. 1970 ఆగస్టు 26న స్టూడియో తెరిచారు; నాలుగు వారాలు తిరగకుండానే హెండ్రిక్స్ లండన్‌లో చనిపోయాడు. తర్వాత రెండేళ్లలో స్టీవీ వండర్ ‘టాకింగ్ బుక్’లో చాలా భాగం ఇక్కడే చేశాడు. 1990ల చివర్లో డి’ఏంజెలో, ఇంజినీరు రసెల్ ఎలెవాడో అక్కడికి వచ్చింది ఆ పాత ధ్వని కోసమే. కంప్యూటర్ల మీదికి మళ్లుతున్న కాలంలో వాళ్లు టేపునూ పాత మైకులనూ పట్టుకుని కూర్చున్నారు.

ఏళ్ల తరబడి సాగిన ఆ రాత్రుల్లో పద్ధతి ఒకటే. ప్రిన్స్, జేమ్స్ బ్రౌన్, స్టీవీ వండర్ కచేరీల పాత వీడియోలు చూస్తారు, ఆ పాటలు వాయిస్తారు, వాయిస్తూ వాయిస్తూ దారితప్పిన చోట కొత్త పాట పుడుతుంది. డ్రమ్స్ దగ్గర క్వెస్ట్‌లవ్, బేస్ మీద వేల్స్ దేశస్థుడు పినో పలాడినో, ట్రంపెట్ మీద రాయ్ హార్‌గ్రోవ్, బేస్‌నూ గిటార్‌నూ ఒకే వాద్యం మీద పలికించే చార్లీ హంటర్. పక్క గదుల్లో ర్యాపర్ కామన్, ఎరికా బాడు, గాయకుడు బిలాల్ తమ ఆల్బమ్‌ల పనిలో ఉండేవారు. వాద్యకారులు ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగేవారు, పాటలూ తిరిగేవి. కామన్ కోసం మొదలైన ‘చికెన్ గ్రీజ్’ నచ్చి డి’ఏంజెలో తను ఉంచేసుకుని, బదులుగా ‘గెటో హెవెన్’ ఇచ్చాడు. క్వెస్ట్‌లవ్, డి’ఏంజెలో, డిల్లా, కీబోర్డు విద్వాంసుడు జేమ్స్ పోయిజర్, ఈ నలుగురూ పాశ్చాత్య లెక్క ప్రకారం కుంభరాశి వాళ్లు. అక్వేరియస్‌ను సోల్‌తో కలిపి సోల్‌క్వేరియన్స్ అని పేరు పెట్టుకున్నారు.

2000 జనవరి 25న వచ్చిన ‘వూడూ’ మొదటి వారంలోనే పట్టికలో అగ్రస్థానానికి చేరింది. అందులో డిల్లా పేరు నిర్మాతగా ఎక్కడా లేదు, అతని తాళం మాత్రం అంతటా ఉంది. మొదట రూట్స్ చేతులు యంత్రాన్ని అనుకరించాయి; తర్వాత డిల్లా యంత్రానికి చేతివాటం నేర్పాడు; చివరికి ‘వూడూ’లో చేతులు డిల్లా యంత్రాన్ని అనుకరించాయి. డ్రమ్స్‌కు బేస్ వెంట్రుకవాసి వెనక నడుస్తుంది, గొంతు ఇంకాస్త వెనక. గొంతు మీద గొంతు పేర్చి రికార్డు చేయడంతో మాటలు సగం అర్థం కావు. కొందరు దాన్ని లోపమన్నారు. చర్చి గాయకబృందం పక్కన నిలబడి విన్నట్టుండే ఆ పొరలే ఆల్బమ్‌కు ప్రాణం. మాటలు స్పష్టం చేస్తే ఆ దగ్గరతనం పోయేది. ఈ ధోరణిలో ఒక్క ఆల్బమే మిగలాలంటే మిగలాల్సింది ఇదే.

అదే ఏడాది మార్చిలో కామన్ ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’ వచ్చింది. 1956లో అలబామాలో నల్లవాళ్లకు విడిగా పెట్టిన కుళాయి దగ్గర నీళ్లు తాగుతున్న స్త్రీని గోర్డన్ పార్క్స్ తీసిన ఫోటో దాని అట్ట మీద ఉంది. బీట్లలో ఎక్కువ డిల్లావి. నవంబరులో వచ్చిన ఎరికా బాడు ‘మామాస్ గన్’ పేరు ప్రతిష్ఠల్లో ‘బాడూయిజం’ నీడన పడింది గానీ, సంగీతంలో దానికంటే ఒక మెట్టు పైనే. ‘డిడ్న్‌చా నో’ పాటకు శాంపిల్ చేసిన టారికా బ్లూ రికార్డును ఆమే డిల్లా ఇంట్లో అతని సేకరణలోంచి ఏరుకుంది. వైబ్రాఫోన్ వాద్యకారుడు రాయ్ ఏయర్స్ మరో పాటకు వాయించాడు. ఆల్బమ్ చివర్లో పది నిమిషాల ‘గ్రీన్ ఐస్’లో విడిపోయిన ప్రేమ బుకాయింపుగా మొదలై, మూడు అంచెల్లో నిజం ఒప్పుకోలుకు చేరుతుంది. పాత జాజ్ పాట నుంచి ఇప్పటి సోల్ దాకా అన్నీ ఆమె గొంతుకు లోకువే.

ఈ కూటమి ఎంత త్వరగా కుదిరిందో అంత త్వరగా చెదిరింది. ‘వూడూ’లోని ఒక పాట వీడియోలో డి’ఏంజెలో ఒంటిమీద బట్టలు లేనట్టు కనిపించాడు. ఆ తర్వాత కచేరీల్లో జనం పాట వినడం మాని చొక్కా విప్పమని కేకలు పెట్టారు. ఏళ్ల సాధనకు దక్కిన ఆదరణ ఒంటి అందం దగ్గర ఆగిపోవడం అతన్ని కుంగదీసింది. కొన్నేళ్లపాటు జనానికి కనబడలేదు. 2002 డిసెంబరులో కామన్ సాహసించి చేసిన ‘ఎలక్ట్రిక్ సర్కస్’ అమ్ముడుపోలేదు. దాన్ని విడుదల చేసిన ఎంసీఏ లేబుల్ మరుసటి ఏడాది గెఫెన్‌లో కలిసిపోయింది. ఆ ఆల్బమ్ అతుకులబొంతే అయినా, అప్పట్లో తిట్టినంతగా తీసిపారేయదగినది కాదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా పాటలు పంచుకోవడం మొదలయ్యాక, ఏళ్ల తరబడి స్టూడియో అద్దె కట్టే ఓపిక కంపెనీలకు పోయింది. డిల్లా అరుదైన రక్తవ్యాధితో, లూపస్‌తో బాధపడుతూనే పనిచేసి, ‘డోనట్స్’ను తన 32వ పుట్టినరోజున, 2006 ఫిబ్రవరి 7న విడుదలైతే చూసుకున్నాడు. మూడు రోజులకు కన్నుమూశాడు.

అతని తాళం మాత్రం ఆగలేదు. 2012లో జాజ్ పియానిస్టు రాబర్ట్ గ్లాస్పర్ ‘బ్లాక్ రేడియో’లో జాజ్ బృందమే డిల్లా తాళంలో వాయించింది, ఎరికా బాడు, బిలాల్ అందులో పాడారు. 2015లో కెండ్రిక్ లమార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’లో గ్లాస్పర్, బిలాల్ మళ్లీ కనిపిస్తారు. డి’ఏంజెలో పద్నాలుగేళ్ల మౌనం తర్వాత, నల్లవాళ్లపై పోలీసు హింసకు వ్యతిరేకంగా ఫెర్గూసన్ నిరసనలు సాగుతున్న 2014 డిసెంబరులో, అనుకున్నదానికంటే ముందే ‘బ్లాక్ మెస్సయ్య’ను బయటపెట్టాడు. మళ్లీ టేపే, మళ్లీ పలాడినో, క్వెస్ట్‌లవ్. ఈసారి పాటల్లో ప్రేమతో పాటు కోపమూ ఉంది. డిల్లా వాడిన ఎంపీసీ-3000 వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో చేరింది. డి’ఏంజెలో 2025 అక్టోబరు 14న 51 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో మరణించాడు. ముప్ఫై ఏళ్లలో అతను పూర్తిచేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడు.