పులి గంటసేపు కూర్చుంటే

పోయినేడు మాఘమాసంలో చేవెళ్ళలో మా బావగారి షష్టిపూర్తి జరిగింది. అందరూ చీరలూ, వెండి గ్లాసులూ పట్టుకెళ్తే నేను ఒక గళ్ళ నుడికట్టు తయారు చేసి పట్టుకెళ్ళాను. తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు. శంషాబాద్ బస్టాండు దగ్గరి జిరాక్సు షాపులో నలభై కాపీలు తీయించి, భోజనాలకు ముందు అందరికీ తలా ఒకటి పంచాను. నిలువు 7 కి నేను రాసిన ఆధారం ఇది: "పెద్దింటి పులి ఒక గంటసేపు కూర్చుంటే పసుపు రంగు తిరిగి విస్తట్లోకి వచ్చింది (4)."

జవాబు పులిహోర. హోర అంటే జ్యోతిషంలో గంట. రోజుకి 24 హోరలు. గ్రీకుల నుంచి మనకొచ్చిన మాట అది, ఇంగ్లీషు అవర్ కూడా దాని చుట్టమే. పులి, పక్కన హోర. నాలుగు గడులూ నిండాయి.

జనం పగలబడి నవ్వారు. కానీ హోర చూసి కాదు, పులిని చూసి. మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా చాటుగా పులి అని పిలిచేది మా పెద్దక్కని, అంటే మా యారాలిని. ఆమె ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి నలభై మందికి పులిహోర కలిపింది. చేతికి పసుపు ఇంకా వదల్లేదు. నవ్వులు విని వంటింట్లోంచి వచ్చి, కాగితం ఎవరి చేతిలోనో చదివించుకుని, "పులి అంటే నేనేనా చెల్లె?" అంది. అంతే. ఆ తర్వాత బోనాల దాకా నాతో మాట్లాడలేదు.

ఆ ఐదారు నెలల్లో నేను చేసిన పని, ఈ గళ్ళ ఆట ఎక్కడ పుట్టిందో, ఎవరెవరి చేతుల్లో ఎలా పెరిగిందో చదువుకోవడం. బాధగా ఉన్నప్పుడు కొందరు అల్మారాలు సర్దుతారు, నేను ఇది సర్దాను.

నాకు ఈ పిచ్చి అమ్మ నుంచి వచ్చింది. వారపత్రిక మేం కొనేవాళ్ళం కాదు, పక్కింటివాళ్ళు చదివాక ఇచ్చేవాళ్ళు. వాళ్ళ పుస్తకం మీద రాయకూడదు కదా! అమ్మ పాత క్యాలెండరు కాగితం వెనకాల స్కేలు పెట్టి గళ్ళు గీసుకునేది. బియ్యం ఏరుతూ ఒక మాట, పప్పు మెదుపుతూ ఒక మాట. తట్టగానే చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చి రాసేది.

మొదటిసారి ఇది అచ్చయింది 1913 డిసెంబరు 21న, న్యూయార్క్ వరల్డ్ అనే పత్రిక ఆదివారం సంచికలో. తయారు చేసింది లివర్‌పూల్ నుంచి వలస వెళ్ళిన ఆర్థర్ విన్. వజ్రం ఆకారంలో ఉండేది, పేరు కూడా 'వర్డ్ క్రాస్'. కొన్ని వారాలకి అచ్చులో పొరపాటున మాటలు తారుమారై క్రాస్‌వర్డ్ అయింది, అదే నిలిచిపోయింది.

విన్ పేరు అందరూ చెబుతారు. నాకు నచ్చిన మనిషి మాత్రం మార్గరెట్ పెథర్‌బ్రిడ్జ్. ఆ పత్రికలో సెక్రటరీగా చేరిన అమ్మాయి. గళ్ళు చూసే పని ఆమెకు అప్పగించారు. ఎవరూ వద్దన్న పనులు ఎవరి నెత్తిన పడతాయో మనకు తెలియనిది కాదు. మొదట్లో ఆమె వాటిని పూరించి చూడకుండానే అచ్చుకి పంపేదట. తోటి ఉద్యోగి ఒకాయన వేళాకోళం చేస్తుంటే ఒకసారి కూర్చుని తనే పూరించబోయింది. తప్పులే తప్పులు. ఆధారం ఒక చోట, గడి ఇంకో చోట. అప్పట్నుంచి ప్రతిదీ తను పూరించి చూశాకే అచ్చుకి పంపింది. 1924లో సైమన్ అండ్ షూస్టర్ అనే కొత్త సంస్థ మొట్టమొదటి క్రాస్‌వర్డ్ పుస్తకం వేస్తే, దాన్ని కూర్చిన ముగ్గురిలో ఆమె ఒకరు. పుస్తకంతో పాటు ఒక పెన్సిలు కూడా కట్టి ఇచ్చారు. ఆ ఆలోచన సైమన్‌గారి అత్త అడిగిన ఒక ప్రశ్న నుంచి పుట్టిందంటారు. ఇలాంటి గళ్ళ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని ఆమె అడిగిందట. 'ఇదంతా టైము దండగ' అని 1924లో ఎగతాళి చేసిన న్యూయార్క్ టైమ్స్, 1942లో యుద్ధం మధ్యలో తనే గళ్ళు మొదలుపెట్టి, వాటి సంపాదకురాలిగా మార్గరెట్‌నే పెట్టుకుంది. అప్పటికి పెళ్ళయి ఆమె ఫారర్ అయింది. పాతికేళ్ళకు పైగా ఆ పని చేసింది.

పొడవాటి, కొంటె ఆధారాలు రాయడం మాత్రం ఇంగ్లండు వాళ్ళ అలవాటు. అమెరికా గళ్ళలో 'ఒక పండు' అంటే ఏదో పండే. ఇంగ్లండులో అలా కాదు. పైకి ఒక కథ, లోపల ఇంకో లెక్క. 1926 నుంచి అబ్జర్వర్‌లో టార్కెమాడా అనే మారుపేరుతో ఒకాయన రాసినవి మరీ కఠినం. 1939లో ఆయన పోయాక జిమెనిజ్ అనే మారుపేరుతో మెక్‌నట్ వచ్చి ఒక పద్ధతి పెట్టాడు. ఆధారంలో జవాబుకి అర్థం ఉండాలి, జవాబు కట్టుకునే దారి ఉండాలి, ఇంకేమీ ఉండకూడదు. ఒక్క మాట అదనంగా ఉన్నా అది అన్యాయం.

ఇది చదివిన రోజు నాకు అన్నం సరిగ్గా దిగలేదు. నా ఆధారం మళ్ళీ తీసి చూశాను. పులి కావాలి, గంట కావాలి, పసుపు, విస్తరి కావాలి. 'పెద్దింటి' అన్న మాట ఎందుకుంది? జవాబుకి దానితో పని లేదు. అది పెద్దక్క కోసం పెట్టిందే. 'నేనేం అనలేదు, మాటల ఆట' అని మా ఆయన దగ్గర ఎన్నిసార్లు వాదించానో! ఆ ఒక్క మాట నా మీదే సాక్ష్యం చెప్పింది.

మనవాళ్ళకి ఇవన్నీ కొత్తేం కాదు. వాత్స్యాయనుడు ఆడవాళ్ళు నేర్వాలన్న 64 కళల్లో ప్రహేళిక ఉంది. అంటే పొడుపు వేయడం, విప్పడం. దండి కావ్యాదర్శంలో ప్రహేళికలు పదహారు రకాలని లెక్క చెప్పి, వాటి ఉపయోగాలు కూడా చెప్పాడు. గోష్ఠుల్లో వినోదానికి, పదిమంది మధ్యలో రహస్యం మాట్లాడుకోవడానికి, ఎదుటివాళ్ళని తికమక పెట్టడానికి. షష్టిపూర్తి రోజు నేను మూడు పనులూ ఒకే ఆధారంతో చేశాను! పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ అవుతుంది, భారతమూ అవుతుంది. ఇక అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవాళ్ళకి, ఒక్కో అక్షరం దగ్గర దారి మూసేస్తుంటే కవి పక్క సందులోంచి ఎలా బయటపడతాడో తెలుసు. గళ్ళు పూరించేవాళ్ళు చేసేది చిన్న ఎత్తున అదే.

తెలుగులో ఈ ఆటకి సొగసు తెచ్చింది శ్రీశ్రీ, ఆరుద్ర. శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అని, ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' అని కూర్చారు. మహాప్రస్థానం రాసిన మనిషికి గళ్ళెందుకని అడిగేవాళ్ళకి ఆయన ప్రాసక్రీడలు, లిమఋక్కులు చూపించాలి. మాటతో ఆడుకోవడం తెలియనివాడు మాటతో పోట్లాడలేడేమో. ఈ రోజుల్లో ఆ దీపం అంతర్జాల పత్రికలు నిలబెట్టాయి. పొద్దులో గడి, ఈమాటలో గడినుడి ఎంతమంది రాత్రుల్ని తినేశాయో నాకు తెలుసు.

తెలుగు గడిలో ఉన్న తమాషా ఇంగ్లీషులో లేదు. వాళ్ళకి గడికి ఒక అక్షరం, మొత్తం ఇరవై ఆరు. మనకి గుణింతమూ వత్తులూ కలిపి మొత్తం ఒక్క గడిలో కూర్చుంటుంది. స్త్రీ అన్న మాట చూడండి. సకారం, తకారం, రేఫ, పైన దీర్ఘం, అంతా ఒకే గడి. ఇంత సరంజామా మోస్తూ ఒక్క గదిలో సర్దుకుపోయేది ఇంకెవరు! ఇంకో చిక్కు, మన మాటలు చాలా వరకు డు, ము, లు తోనే ముగుస్తాయి. వాటితో మొదలయ్యేవి వెతుక్కోవాలి. అందుకే కుడి అంచు, కింది అంచు వచ్చేసరికి గళ్ళు కట్టేవాళ్ళకి చెమటలు పడతాయి.

కానీ ఆ కష్టానికి ఫలం ఉంది. తిరగేస్తే అర్థం వచ్చే మాటలు మనకి బోలెడు. 'మర తిప్పితే ఇంటికొచ్చే లక్ష్మి (2)' అంటే రమ. 'తల తిరిగిన తీగ (2)' అంటే లత. 'ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా నిజం కాదు (3)' అంటే నటన. 'సున్న పోగొట్టుకున్న కలం నిద్రలో మాత్రమే రాస్తుంది (2)' అంటే కల. 'దిగులు ముదిరి కాయ కాస్తే రోట్లో వేసి నూరారు (4)' అంటే చింతకాయ. మా ఊరి మీద కూడా ఒకటి రాసుకున్నాను: 'విమానంలో ముందు సీటు ఖాళీ చేస్తే మిగిలే గౌరవం (2)'. వి తీసేస్తే మానం. ఇవి రాసేది ఎక్కువగా మా ఆయన నైట్ డ్యూటీ రాత్రుల్లో. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చింది, వెనకే మేమూ వచ్చాం. రన్‌వే మీద దిగే మోతకి నిద్ర రానప్పుడు గళ్ళు గీసుకోవడం అప్పుడు అలవాటైంది.

ఈ ఆట మన దేశంలో కోర్టు మెట్లు కూడా ఎక్కింది. ప్రవేశ రుసుము కట్టించుకుని పెద్ద బహుమతులిచ్చే క్రాస్‌వర్డ్ పోటీలు పెరిగిపోతే, 1955లో ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం తెచ్చారు. నెలకి మొత్తం బహుమతులు వెయ్యి రూపాయలు దాటితే ఆ పోటీ చెల్లదన్నారు. నిర్వాహకులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1957లో ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా కేసులో తీర్పు వచ్చింది. నేర్పు మీద నడిచేవి వేరు, అదృష్టం మీద నడిచేవి జూదం, ఈ చట్టం జూదానికే అని. ఆ జూదం ఎలా ఉండేదో మన భాషలో చెబుతాను. 'ఇంటికి వెలుగు' అని ఆధారం, మూడు గడులు, చివరి అక్షరం లు. ఇల్లాలు రాస్తారా, కోడలు రాస్తారా, పిల్లలు రాస్తారా? అన్నీ సరే. కానీ నిర్వాహకుడు కవరులో దాచింది ఒక్కటే. డబ్బు కట్టిన ఇళ్ళలో ఎన్ని గొడవలయ్యాయో ఊహించుకోండి.

మాట అపార్థమవడం సంగతికొస్తే 1944 లండన్ కథ ఉండనే ఉంది. డైలీ టెలిగ్రాఫ్ గళ్ళలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ అని వరసగా జవాబులొచ్చాయి. అన్నీ నార్మండీ దాడి రహస్య సంకేతాలు. దాడికి కొద్ది రోజుల ముందు! కూర్చిన లెనర్డ్ డా ఒక బడిపంతులు. గూఢచారి శాఖవాళ్ళు వచ్చి ప్రశ్నించి వదిలేశారు. బడి పిల్లలు సైనికుల దగ్గర విన్న మాటల్ని ఆయన గళ్ళలోకి చేరవేశారని ఎన్నో ఏళ్ళకి ఒక పూర్వవిద్యార్థి చెప్పాడు. పాపం ఆయనకి నిజంగానే ఏమీ తెలియదు. నాకు ఆ సాకు లేదు.

బోనాలప్పుడు పెద్దక్క మనవరాలు అమెరికా చదువుకి బయల్దేరింది. మా ఇల్లు విమానాశ్రయానికి దగ్గర కాబట్టి చుట్టాలెవరు ఎగిరినా ముందు రాత్రి మజిలీ ఇక్కడే. తూకం వేసే కాటా కూడా మా ఇంట్లోనే ఉంటుంది. పెద్దక్క తప్పక వచ్చింది. చేతిలో అరిటాకు చుట్టిన పులిహోర. నాకేసి చూడకుండా పొయ్యి పక్కన పెట్టింది. పిల్లని దింపి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మగవాళ్ళు పడుకున్నారు. మేమిద్దరం హాల్లో. పైన ఏదో విమానం వెళ్తుంటే ఇద్దరం ఒకేసారి తలెత్తి చూశాం.

"అక్కా, పెద్దింటి అన్న మాట కావాలనే రాసిన. తప్పయింది" అన్నాను.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ గళ్ళు ఎట్ల చేస్తవ్?" అంది. కాగితం తెచ్చి చూపించాను. ఏడో తరగతితో చదువాగిన మనిషి. అడ్డం, నిలువు కాసేపట్లో పట్టేసింది. "గంతేనా? పొడుపు కథనే గదా" అని, తనే ఒకటి రాయమంది. "పెట్టినప్పుడు తింటది, తిన్నంక పేర్లు పెడ్తది. మూడు గళ్ళు."

నాలుక. నాకు తగలాల్సిన చోటే తగిలింది. అందులో ఒక్క మాట కూడా అదనంగా లేదు.

దాన్నే అడ్డం 1గా పెట్టి కొత్త గళ్ళు కట్టి, రెండు రోజులకి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పంపాను. ముందు జవాబు మా అబ్బాయిదే. అడ్డం 1, యారాలు. మూడు గడులూ సరిపోయాయి! మొదటి నిలువు ఇంకా పూరించలేదు వాడు. పూరిస్తే మొదటి గడిలో నా వచ్చేది. పెద్దక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అవతల నవ్వు ఆగితే కదా మాట రావడానికి.

"రెండూ సరిపోతయి తియ్యి" అంది చివరికి. "వానికీ మార్కులెయ్యి."