చుక్కకూ కామాకూ కుండమార్పిడి

సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించారు. చుట్టూ తమిళదేశం, పుస్తకం మాత్రం తెలుగు లిపి. ముత్తుస్వామి దీక్షితుల 229 కృతులు స్వరంతో సహా మన అక్షరాల్లో నిలిచాయి. ఆయన్ను ఈ పనికి పురికొల్పిన చిన్నస్వామి మొదలియారు అంతకుముందే, 1893లో, మన సంగీతాన్ని పాశ్చాత్యుల అయిదు గీతల లిపిలో ప్రకటించాడు. రెండు లిపుల పరిచయం అప్పటిదన్నమాట.

ఆ రెంటికీ పేచీ వచ్చేది చుక్క దగ్గరే. మనకు చుక్క స్థాయికి గుర్తు: స్వరం పైనుంటే తారం, కిందుంటే మంద్రం. కాలాన్ని పెంచేది దీర్ఘమూ, కామా. ‘స’ ఒక అక్షరకాలమైతే ‘సా’ రెండు, ‘సా,’ మూడు. పాశ్చాత్యులకు స్వరం పక్కన చుక్క పెడితే ఉన్న కాలానికి అందులో సగం కలుస్తుంది. రెండు కాస్తా మూడవుతుంది. రెండో చుక్క పెడితే ఆ సగంలో సగం, అంటే మూడున్నర. ఐరోపాలో ఈ కలిపే చుక్క పద్నాలుగో శతాబ్దం నాటికే వాడుకలో ఉంది.

1996లో ఇద్దరు డచ్చివారు, హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ నీవెన్‌హౌజెన్, లిలీపాండ్ అనే ప్రోగ్రాము మొదలుపెట్టారు. ఇందులో బొమ్మలు గీయనక్కరలేదు, ఉత్తరం రాసినట్టు అక్షరాలు కొడితే చాలు. షడ్జానికి ‘సి’ అనుకుంటే, ‘సి’ పక్కన 4, దాని పక్కన చుక్క. అంతే, మన ‘సా,’ వచ్చేసింది. తర్వాతి స్వరానికి కాలం చెప్పకపోతే ఆ చుక్క దానికీ అంటుకుంటుంది సుమా! చుక్కకు ముందు అడ్డగీత పడిందా, అది కాలం పెంచదు, స్వరాన్ని తుంచి పలకమంటుంది.

తమాషా ఏమంటే, అక్కడ కామా స్థాయికి గుర్తు, కింది స్థాయికి. మన చుక్క పని వాళ్ల కామాది, మన కామా పని వాళ్ల చుక్కది! మన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొడితే మూడక్షరాల షడ్జం మంద్రంలో పడుతుంది, కాలమూ తరుగుతుంది.

మా తమిళనాడు తెలుగిళ్లలో పిల్లలకు మాట ఉంది, చాలామందికి లిపి లేదు. అయిదు గీతలు మాత్రం కీబోర్డు క్లాసులో నేర్చుకుంటున్నారు. అందుకని గీతాలను లిలీపాండ్‌లో ఎక్కిస్తున్నాను. సాహిత్యానికి వదిలే వరుసలో తెలుగు అక్షరాలూ పడతాయి. అక్కడ ‘సా,’ అని కామాతోనే వేస్తున్నాను.