కెరటం పుట్టించిన ఇంజినీరు

గోడలు లేచాయి. మందపాటి అద్దాలు బిగించారు. లోతు 28 అడుగులు, అంటే ఇంచుమించు మూడంతస్తుల మేడ. పన్నెండు లక్షల లీటర్లకు పైగా పట్టే ఆ తొట్టెలోకి పసిఫిక్ మహాసముద్రం నీళ్ళే పంపులతో తోడి పోసే ఏర్పాటు జరిగింది. పైకప్పు వేయలేదు, ఎండ నేరుగా నీళ్ళ మీద పడాలి. ఉప్పు ఉంది, చలువ ఉంది, వెలుతురు ఉంది. అయినా అందులో పెరగాల్సిన ప్రాణికి అవేవీ చాలవు. దానికి కెరటం కావాలి.

గోడకు అవతల రాళ్ళ మీద అలలు విరుచుకుపడుతూనే ఉన్నాయి. గోడకు ఇవతల నీళ్ళు మాత్రం వాటంతట అవి కదలవు.

అది కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణం. 1980ల తొలి సంవత్సరాలు. ఒకప్పుడు చేపలను డబ్బాల్లో నింపే కార్ఖానాలతో హోరెత్తిన క్యానరీ రో వీధి అది. జాన్ స్టయిన్‌బెక్ 1945లో ఆ వీధి పేరుతోనే నవల రాశాడు. తర్వాత సముద్రంలో సార్డీన్ చేపలు తగ్గిపోయాయి, కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరికి మిగిలిన హోవ్డెన్ క్యానరీ కూడా 1973లో తలుపులు వేసేసింది. పక్కనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి హాప్‌కిన్స్ సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. పాడుబడిన క్యానరీ ఉన్నచోట మాంటెరే అఖాతంలోని జీవరాశిని జనానికి చూపించే అక్వేరియం కడితే ఎలా ఉంటుందన్న ఆలోచన 1977లో నలుగురు జీవశాస్త్రజ్ఞులకు వచ్చింది. స్టీవ్ వెబ్‌స్టర్, చక్ బాక్స్‌టర్, రాబిన్ బర్నెట్, నాన్సీ బర్నెట్ ఆ నలుగురు.

నాన్సీ పుట్టింటి పేరు ప్యాకర్డ్. ఆమె తండ్రి డేవిడ్ ప్యాకర్డ్. 1939లో పాలో ఆల్టోలో ఒక ఇంటి కారు షెడ్డులో, స్నేహితుడు బిల్ హ్యూలెట్‌తో కలిసి 538 డాలర్ల పెట్టుబడితో హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ పెట్టిన మనిషి. 1969 నుంచి 1971 దాకా అమెరికా రక్షణ శాఖకు డిప్యూటీ కార్యదర్శిగా కూడా చేశాడు. ఇంకో కూతురు జూలీ చదివింది సముద్రపు నాచు మొక్కల గురించే. కూతుళ్ళ మాట తండ్రి కాదనలేదు. డేవిడ్, లూసిల్ దంపతులు అక్వేరియం కోసం ఇచ్చిన మొత్తం 5.5 కోట్ల డాలర్లు. కట్టడానికి డబ్బు ఇస్తానుగానీ, కట్టాక మాత్రం అది తన ఖర్చులు తనే సంపాదించుకోవాలన్నది ఆయన షరతు.

చెక్కు రాసి చేతులు దులుపుకునే దాత అయితే ఈ గాథ ఇక్కడితో ముగిసేది. ఆయన ఇంజినీరు. అక్వేరియానికి గుండెకాయ లాంటి ఆ పెద్ద తొట్టె దగ్గర చిక్కు ఉందని తెలిశాక ఆయన దూరంగా కూర్చోలేదు.

ఆ తొట్టెలో పెంచదలచింది జెయింట్ కెల్ప్. సముద్రం అడుగు నుంచి పైదాకా నిలువునా పెరిగి, నీటి లోపలే అడవిని నిలబెట్టే మహా నాచు. దానికి వేళ్ళున్నట్టు కనిపిస్తాయిగానీ అవి రాతిని పట్టుకోవడానికే, తిండి తెచ్చిపెట్టడానికి కాదు. ప్రతి ఆకు మొదట్లో ఉండే గాలి బుడ్డి మొక్కను పైకి లేపి నిలబెడుతుంది. తిండి సంగతి ఆకులదే. ప్రతి ఆకూ తనను తాకుతున్న నీటి నుంచి నత్రజనిని, కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుంటుంది.

ప్రమాదమంతా అక్కడే ఉంది. నీరు నిలిచిపోతే ఆకును అంటిపెట్టుకుని పలచని నీటి పొర ఒకటి కదలకుండా ఉండిపోతుంది. అందులో ఉన్న పోషకాలను ఆకు కాసేపట్లో తినేస్తుంది. పక్కనే లక్షల లీటర్ల సారవంతమైన నీరున్నా ఆ పొర దాటి తగినంతగా లోపలికి చేరదు. చుట్టూ తిండి ఉండగానే మొక్క ఆకలితో నీరసిస్తుంది. ఆకుల మీద మడ్డి పేరుకుంటుంది, వెలుతురు తగ్గుతుంది. బయట సముద్రంలో ప్రతి కెరటమూ ఆ పొరను చెరిపేసి కొత్త నీటిని తెచ్చి ఆకుకు అందిస్తుంది. తొట్టెల్లో నీటి కదలికను చూపు కోసం పెట్టే సోకుగా భావించేవాళ్ళు ఎందరో ఉన్నారు. కదలలేని ప్రాణికి అది భోజనం, ఊపిరి.

మరి పెద్ద పంపులు పెడితే సరిపోదా? చాలదు. పంపు నీటిని ఒకే దిక్కుకు తోస్తుంది. ఎదురుగా ఉన్న ఆకులు రోజంతా ఆ దెబ్బ తింటూ ఒకే వైపు వాలిపోతాయి. మూలన ఉన్నవాటికి ఏమీ అందదు. సముద్రం అలా కాదు. ముందుకు తోస్తుంది, క్షణం ఆగుతుంది, వెనక్కి గుంజుకుంటుంది. ఆ రాకపోకల్లో ఆకు అటూ ఇటూ తిరుగుతుంది, రెండు వైపులా కడుక్కుంటుంది. కాబట్టి అక్కడ కావలసింది ధార కాదు, ఊపు.

ఆ ఊపును పుట్టించే యంత్రాన్ని డేవిడ్ ప్యాకర్డ్ స్వయంగా రూపొందించాడు. నన్ను ఈ కథలో అన్నిటికన్నా కదిలించిన సంగతి ఇదే. 1939లో ఆయన కంపెనీ అమ్మిన తొలి సరుకు ఆడియో ఆసిలేటర్, అంటే విద్యుత్ తరంగాలను లయ తప్పకుండా పుట్టించే పరికరం. నాలుగు దశాబ్దాలు దాటాక, డెబ్బై ఏళ్ళ వయసులో, అదే మనిషి ఉప్పునీటిలో తరంగం పుట్టించే పని నెత్తికెత్తుకున్నాడు. ఎవరికైనా పురమాయించగల స్తోమత ఉండి కూడా తానే పూనుకున్నాడు.

యంత్రం కదిలింది. తొట్టెలో నీరు మొత్తం ఒక్కసారిగా ఒక పక్కకు జరిగింది. నిటారుగా తేలుతున్న ఆకులన్నీ ఒకవైపు ఒరిగి, ఒక్క క్షణం నిలిచి, మళ్ళీ రెండోవైపు తిరిగాయి.

1984 అక్టోబరు 20న అక్వేరియం తలుపులు తెరిచారు. జెయింట్ కెల్ప్‌ను సజీవంగా పెంచిన తొలి అక్వేరియం అదే. మొక్కలు బతకడమే కాదు, రోజుకు సుమారు నాలుగు అంగుళాల చొప్పున ఎదిగాయి. గజఈతగాళ్ళు తరచూ లోపలికి దిగి కత్తిరించకపోతే నీటి పైభాగమంతా కమ్మేస్తాయి.

ఇంకో ఏర్పాటు కూడా చెప్పుకోవాలి. పగలు సందర్శకులకు తేటగా కనిపించడానికి సముద్రపు నీటిని వడకట్టి వదులుతారు. రాత్రి వడపోత ఆపి ముడినీటినే పంపుతారు. ఆ నీటితోపాటు కంటికి కనిపించని పిల్లజీవులు, నాచు సిద్ధబీజాలు లోపలికి వస్తాయి. కొన్ని అక్కడి రాళ్ళకు అతుక్కుని స్థిరపడిపోతాయి. ఆ రాళ్ళ మీద ఈనాడు కనిపించే జీవుల్లో మనిషి చేత్తో పెట్టనివి ఎన్నో.

డేవిడ్ ప్యాకర్డ్ 1996లో కన్నుమూశాడు. ఆ తొట్టెను మాత్రం ఈనాటికీ చూడవచ్చు. శాన్ హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్‌లలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు మాంటెరే పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి చేరే దూరం. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళే చోట్లలో అదొకటి. ఈసారి వెళ్తే కెల్ప్ తొట్టె ముందు చేపలను చూసి కదిలిపోకండి. కాసేపు ఆకులనే చూడండి. పిల్లలకు ఆ ఊపు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పండి.

ఇంట్లో ఉప్పునీటి తొట్టె పెట్టాలనుకునే వారికి ఒక విన్నపం. పగడాలు కూడా ఉన్నచోటు నుంచి కదలలేని ప్రాణులే. దీపాలకు, నీటిని చల్లబరిచే చిల్లర్‌కు డబ్బు లెక్కవేసుకునేటప్పుడే నీటిని కదిలించే వేవ్‌మేకర్‌కు కూడా వేసుకోండి. రాళ్ళు పేర్చాక వాటి వెనక నీరు నిలిచిపోయే మూల ఏదైనా మిగిలిందేమో చూసి సరిచేయండి. వేవ్‌మేకర్ ధార పగడం మీద నేరుగా తగలకుండా, నీటి పైతలం కదిలేలా తిప్పి పెట్టండి. ప్రాణవాయువు నీటిలో కలిసేది అక్కడే. కరెంటు పోతే ఈ కదలిక ఆగిపోతుంది, కొన్ని గంటల్లోనే చేపలకు ఊపిరి అందదు. కాబట్టి వేవ్‌మేకర్‌ను ఇన్వర్టర్‌కు కలపండి, లేదా బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇవన్నీ పనిచేస్తున్నాయని తేలాకే ప్రాణులను కొని తెచ్చుకోండి.