కర్మాగారంలో కెమెరా

మొన్న వేసవిలో మా మేనల్లుడు వచ్చి ఒక కాగితం నా ముందుంచాడు. అతడు పనిచేసే కర్మాగారం వారు ఒక పరిచయ పుస్తకం అచ్చు వేయిస్తున్నారట. అందుకై పట్నం నుండి పేరున్న ఛాయాగ్రాహకుణ్ణి పిలిపిస్తున్నారు. రెండు రోజుల చిత్రీకరణకు సిద్ధం చేసిన ప్రణాళిక అది. "మామయ్యా, భాష కాస్త సరిదిద్దండి" అన్నాడు.

భాషలో పెద్ద దోషాలేమీ లేవు. యంత్రాలకు రంగు వేయించాలి. ఏ వేళకు ఏ విభాగంలో వెలుతురు బాగుంటుందో ముందుగా చూసుకోవాలి. లోపలికి వచ్చే వారందరికీ హెల్మెట్లు ఇవ్వాలి. భద్రతాధికారి అనుమతి లేనిదే కొలిమి దగ్గర దీపాలు నిలపరాదు. అన్నీ సబబైనవే. చివరి నుండి రెండవ అంశం దగ్గర నా కలం ఆగినది: "ఒప్పంద కార్మికులకు ఆ రెండు రోజులు సెలవు." జీతం ఇచ్చే సెలవేనా అని అడిగాను. కాదన్నాడు.

కర్మాగారంలో తీసే చిత్రానికి సగం రూపం ఇటువంటి కాగితం మీదనే వచ్చేస్తుంది. ఎవరి అనుమతితో లోపలికి వెళ్ళాలి, వెలుతురు ఎక్కడిది, ఎవరు నిలబడాలి, ఖర్చు ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పుకుంటారు. తరువాతి తరాలకు ఏది కనబడాలో అక్కడనే తేలిపోతుంది. ఇందుకు చరిత్రలో రెండు ఉదాహరణలు నాకు తోచినవి. రెండూ అమెరికా దేశానివి.

మొదటివాడు లూయిస్ హైన్. ఆయన న్యూయార్కులో బడిపంతులు. నా వృత్తివాడే గనుక ఆయనపై నాకు కొంత పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను. 1908లో ఆయన ఉపాధ్యాయ వృత్తి వదలి, బాలకార్మిక వ్యవస్థపై పోరాడుతున్న జాతీయ సంఘం తరఫున నూలుమిల్లుల వెంట, గనుల వెంట తిరిగాడు. యజమానులు పిల్లలను చిత్రించడానికి అనుమతి ఇస్తారా? ఇవ్వరు. అందుచేత ఆయన ఒకచోట బైబిళ్ళు అమ్మేవాడు, మరొకచోట పోస్టుకార్డులు అమ్మేవాడు, ఇంకొకచోట యంత్రాలను చిత్రించ వచ్చినవాడు అయ్యాడు. యంత్రం ఎంత పెద్దదో తెలియాలి గదా అని పక్కన ఒక పిల్లను నిలబెట్టేవాడు. తన కోటు గుండీలు నేల నుండి ఎంత ఎత్తున ఉంటాయో ఆయనకు ముందే తెలుసు. పిల్ల తల ఏ గుండీ దాకా వచ్చినదో చూసి ఎత్తు లెక్కగట్టేవాడు. వయస్సు, పని కాలం జేబులోనే చేయి పెట్టి రహస్యంగా రాసుకునేవాడు. 1908 నవంబరులో దక్షిణ కరొలైనాలోని లాంకాస్టర్ నూలుమిల్లులో తీసిన చిత్రం కింద, ఆ పిల్ల ఎత్తు 48 అంగుళాలని, అరసంవత్సరంగా పనిచేస్తున్నదని నమోదు చేశాడు. నాలుగడుగుల పిల్ల! మా బడిలో మూడవ తరగతి బల్లపై కూర్చోవలసినది.

రెండవ ఉదాహరణ మార్గరెట్ బర్క్‌వైట్. 1927–28 శీతకాలంలో ఆమె క్లీవ్‌లాండ్ నగరంలోని ఓటిస్ ఉక్కు కర్మాగారంలోకి అడుగుపెట్టినది. అప్పటికి ఆమెకు పాతికేళ్ళయినా నిండలేదు. పూర్వం ఎవరో పంతులమ్మ చూడవచ్చి సొమ్మసిల్లినదని అక్కడికి ఆడవారిని రానిచ్చేవారు కారట. అధ్యక్షుడు ఎల్రాయ్ కూలాస్ ఆమెకు అనుమతి ఇచ్చాడు. అయితే అనుమతి దొరికినంత సులువుగా చిత్రం దొరకలేదు. ఆ కాలపు ఫిల్ముకు ఎరుపు వెలుతురు దాదాపు కనబడదు. కంటికి జాజ్వల్యమానంగా తోచిన ద్రవలోహం ఫిల్ముపై మసకగా మిగిలినది. కొలిమి వేడికి కెమెరాపై పూసిన వార్నిషు బొబ్బలెక్కినది. రాత్రుల తరబడి తప్పులు చేసి, చివరకు చలనచిత్రాల వారికై తయారైన మెగ్నీషియం దివిటీలు తెచ్చి వెలిగించి సాధించినది. కూలాస్ కొన్ని చిత్రాలను ఒక్కొక్కటి 100 డాలర్ల చొప్పున కొన్నాడు. వాటిని చూసే హెన్రీ లూస్ 1929లో ఆమెను తన కొత్త పత్రిక 'ఫార్చ్యూన్'కు పిలిపించాడు.

అవి అద్భుతమైన చిత్రాలు, సందేహం లేదు. అయితే వాటిలో లోహప్రవాహమే నాయిక. మనిషి దాని ముందు ఒక చిన్న నీడ. యజమాని తలుపు తెరిస్తే యంత్రం వెలుగులోకి వచ్చినది. హైన్ మారువేషంలో దొంగదారిన వెళ్తే పిల్ల వెలుగులోకి వచ్చినది. ఇద్దరూ గొప్పవారే, ఇద్దరికీ ప్రణాళిక ఉన్నది. ఆ ప్రణాళికల్లోని మొదటి ప్రశ్న వేరు.

బర్క్‌వైట్ అక్కడే ఆగిపోలేదు. 1946లో మన దేశం వచ్చి రాట్నం దగ్గర గాంధీగారిని చిత్రించబోయినప్పుడు, ముందు నూలు వడకడం నేర్చుకొని రమ్మన్నారు. నేర్చుకున్నది. మూడు ఫ్లాష్ బల్బులకు మించి వాడరాదన్నారు. మొదటి రెండూ వృథా అయి, మూడవది ఫలించినది. కొలిమి ముందు దివిటీలు వెలిగించిన ఆమెకు అక్కడ మూడు మెరుపులే దక్కాయి. పనివాని ముందు నిలబడే ముందు ఆ పని చేతితో తెలుసుకోవాలన్న నియమం కంటే మంచి ప్రణాళిక నాకు కనబడలేదు.

ఇదంతా మేనల్లుడికి చెప్పి, కాగితంలో రెండు మార్పులు చేశాను. సెలవు మాట కొట్టివేసి, "అందరూ పనిలో ఉండవలెను, ఇష్టపడినవారినే చిత్రించవలెను" అని రాశాను. చివర మరొక వాక్యం చేర్చాను: "ప్రతి చిత్రం కింద అందులోని వారి పేరు, చేసే పని అచ్చువేయవలెను."

అతడు చదివి కొంతసేపు ఊరుకున్నాడు. "పైవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు మామయ్యా" అన్నాడు. "ఒప్పుకోకపోతే వారి చేతితోనే కొట్టివేయనీ. ఆ గీత నీది కాకూడదు" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళాడు. పుస్తకం ఇంకా రాలేదు.